ఫుల్ ఫ్రేమ్‌కి మారుతున్నారా? ఈ 'కాంబో' లెన్సులతో జాగ్రత్త

కడప, ప్రొద్దుటూరు, రాయచోటి ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో 'ఫుల్ ఫ్రేమ్ వెడ్డింగ్ కాంబో' అని ఒక ఆఫర్ తిరుగుతోంది. సోనీ ఏ7 మార్క్ త్రీ బాడీ (ఫుల్ ఫ్రేమ్, అంటే బొమ్మని పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరా), మూడు లెన్సులు, బ్యాగు, కార్డులు, అన్నీ కలిపి ఒకే రేటు. పెళ్ళిళ్ళ సీజన్ ముందర ఎవరికైనా నోరూరే రేటే. నేనూ తీసుకున్నాను. అడ్వాన్స్ పంపబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. ఆ మూడు లెన్సుల్లో రెండు ఫుల్ ఫ్రేమ్‌వి కావు. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు చెప్పినా పెద్ద లాభం లేదు, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కాంబోలో ఇచ్చిన మొదటిది 28-70 కిట్ లెన్స్, అంటే బాడీతో పాటు కంపెనీ ఇచ్చేది. అది అసలైన ఫుల్ ఫ్రేమ్ లెన్సే, అందులో మోసం లేదు. రెండోది సోనీ 50 ఎంఎం ఎఫ్1.8. మూడోది సిగ్మా 16 ఎంఎం ఎఫ్1.4. డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో "మూడూ ఫుల్ ఫ్రేమ్‌వేనా?" అని సూటిగా అడిగాను. "మూడూ ఫుల్ ఫ్రేమేనన్నా, డౌటే వద్దు" అని రాశాడు. కౌంటర్ దగ్గర ఒక్కోటీ బాడీకి తగిలించి చూపించాడు. టక్కుమని లాక్ పడింది, ఫోకస్ పరిగెత్తింది, స్క్రీన్ మీద మూలలదాకా శుభ్రంగా ఉంది. పైగా 50 చేతికిస్తూ, "ఇందులో స్టెబిలైజర్ కూడా ఉందన్నా, మామూలు 50లో ఉండదు" అన్నాడు. స్టెబిలైజర్ అంటే చేతి వణుకు ఫోటోలో పడకుండా చూసేది. అసలు గుట్టు అతని ఆ మాటలోనే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఈ విషయం బయటపెట్టింది ఆల్బమ్ ల్యాబ్‌లో డిజైన్ చేసే కుర్రాడు. "అన్నా, ఒకే కార్డులో రెండు సైజుల ఫైళ్ళున్నాయే, యాడన్నా క్రాప్ చేసి పంపినావా?" అని ఫోన్ చేశాడు. నేను ఒక్క ఫోటో కూడా క్రాప్ చేయలేదు. చూస్తే, కిట్ లెన్స్‌తో తీసినవన్నీ 6000 బై 4000 పిక్సెళ్ళు. 50తో, 16తో తీసినవన్నీ 3936 బై 2624. అంటే 24 మెగాపిక్సెళ్ళ బాడీ నుంచి 10 మాత్రమే వస్తున్నాయి.

ఆ ఫోటోల్లో గండికోటలో పెన్నా లోయ అంచున తీసిన ప్రీ వెడ్డింగ్ షాట్ ఒకటి ఉంది. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు మొత్తం ఆ ఒక్క ఫోటోనే పరచాలని జంటతో ముందే అనుకున్నాం. 36 అంగుళాలకి 3936 పిక్సెళ్ళంటే అంగుళానికి 109. మంచి ప్రింటుకి ల్యాబ్‌వాళ్ళు అడిగేది 300. 6000 ఉన్నా 167 దగ్గరే ఆగుతుంది, కానీ ఆ మాత్రానికి షీటు నిలబడుతుంది. 109తో ప్రూఫ్ తీస్తే లోయ గోడల మీద రాతి పొరలన్నీ కలిసిపోయి మట్టిగోడలా ఉంది. అమ్మాయి చీర అంచులో జరీ గీతలు విడివిడిగా లేవు, పసుపు రంగు పూసినట్టు ఉంది. చివరికి ఆ ఫోటోని సగం షీటుకి కుదించాల్సి వచ్చింది.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తేనే షాపులో పట్టుకోగలరు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఏ6400 లాంటి కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 వెడల్పు, 15.6 ఎత్తు. లెన్స్ వెనక పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం ఫుల్ ఫ్రేమ్ మూలలదాకా అందాలంటే దాని వ్యాసం 43 మిల్లీమీటర్ల పైన ఉండాలి. చిన్న సెన్సర్‌కి 28 దాటితే చాలు. సోనీలో రెండు రకాల బాడీలకీ మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) ఒకటే కాబట్టి ఏ లెన్సయినా దేనికైనా పడుతుంది. చిన్న సెన్సర్ లెన్స్‌ని ఫుల్ ఫ్రేమ్ బాడీకి పెడితే నిజానికి నాలుగు మూలలూ నల్లగా రావాలి. కానీ మెనూలో 'ఏపీఎస్-సీ / సూపర్ 35' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆటోలో ఉంటే కెమెరా లెన్స్‌ని గుర్తుపట్టి, సెన్సర్ నడిమి భాగం మాత్రమే వాడి, దాన్నే స్క్రీన్ నిండా చూపిస్తుంది. ఇది వాడేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన మంచి ఏర్పాటే. అమ్మేవాడి చేతిలో పడితే మాత్రం మోసాన్ని కప్పే దుప్పటి అవుతుంది.

లెక్క వేస్తే ఆ నడిమి భాగం మొత్తం సెన్సర్‌లో 42 శాతం. ఇంకో చేదు నిజం ఏమిటంటే, అదే సిగ్మా 16ని నా పాత ఏ6400కి పెడితే 24 మెగాపిక్సెళ్ళు వస్తాయి, కొత్త బాడీకి పెడితే 10. ఫ్రేములో పట్టే వెడల్పులో కూడా పాత బాడీకీ దీనికీ ఏ మార్పూ లేదు. ఫుల్ ఫ్రేమ్ మీద అసలైన 16 పెడితే వచ్చే వెడల్పు రాదు, 24 ఎంఎం పెట్టినంతే వస్తుంది. 50 కాస్తా 75 లాగా పనిచేస్తుంది. మన ఫంక్షన్ హాళ్ళలో స్టేజీ ముందు కుర్చీలు, ఎల్ఈడీ తెర, వీడియోవాళ్ళ క్రేన్ పోను వెనక్కి జరగడానికి మిగిలే చోటెంతో మీకు తెలుసు. రెండు వైపుల బంధువులూ ఎక్కి నిలబడితే 75తో సగం మంది ఫ్రేము బయటే. తెల్లవారుజాము ముహూర్తాల్లో తక్కువ వెలుతురులో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచినా ఫోటో శుభ్రంగా ఉంటుందనే కదా ఎవరమైనా ఈ బాడీకి మారేది. సెన్సర్‌లో సగం కూడా పనిచేయకపోతే ఆ లాభమూ గోవిందా.

ఇక 50 గుట్టు. సోనీలో 50 ఎఫ్1.8 లెన్సులు రెండున్నాయి. ఒకటి ఈ 50 ఎఫ్1.8 ఓఎస్ఎస్, ఇది ఏపీఎస్-సీ కోసం చేసింది. రెండోది ఎఫ్ఈ 50 ఎఫ్1.8, ఇది ఫుల్ ఫ్రేమ్‌ది. మోడల్ నంబర్లు చూడండి: మొదటిది ఎస్ఈఎల్50ఎఫ్18, రెండోది ఎస్ఈఎల్50ఎఫ్18ఎఫ్. చివర ఒక్క 'ఎఫ్' తేడా. ఫిల్టర్ సైజు రెండింటికీ 49 కాబట్టి మూత కూడా దానిది దీనికి పడుతుంది. ఓఎస్ఎస్ అంటే స్టెబిలైజర్, ఈ రెండు 50లలో అది ఉన్నది చిన్న సెన్సర్ లెన్స్‌లోనే. 'మామూలు 50లో ఉండదు' అని అతను గొప్పగా చెప్పిందే అది ఏ లెన్సో చెప్పేసింది. ఏ7 మార్క్ త్రీ బాడీలోనే స్టెబిలైజర్ ఉంది, 50 కోసం దాని వెంట పడాల్సిన పనే లేదు. ఆ లెన్స్ చెడ్డదని కాదు, ఏ6400 మీద చక్కగా పనిచేస్తుంది.

అక్షరాలు గుర్తుపెట్టుకుంటే చాలావరకు బయటపడతారు. సోనీలో లెన్స్ మీద 'ఎఫ్ఈ' అని ఉంటే ఫుల్ ఫ్రేమ్, ఒట్టి 'ఈ' అయితే కాదు. 'జీ' అని చూపించి "ప్రొఫెషనల్ లెన్స్ అన్నా" అంటారు, ఆ మాటకి పడిపోకండి. 18-105 జీ, 16-55 జీ రెండూ ఏపీఎస్-సీవే. సిగ్మాలో డీజీ ఫుల్ ఫ్రేమ్, డీసీ చిన్నది. టామ్రాన్ మిర్రర్‌లెస్‌లో డీఐ త్రీ అయితే సరే, దాని పక్కన గీత పెట్టి 'ఏ' ఉంటే, ఉదాహరణకి 17-70, అది చిన్నది. టామ్రాన్ పాత డీఎస్ఎల్ఆర్ లెన్సుల్లో డీఐ ఫుల్ ఫ్రేమ్, డీఐ టూ కాదు.

కెనాన్, నికాన్ వాళ్ళు మాకేం టెన్షన్ అనుకోవద్దు. నికాన్‌లో డీఎక్స్ (చిన్న సెన్సర్) లెన్స్ ఎఫ్ఎక్స్ (ఫుల్ ఫ్రేమ్) బాడీకి పడుతుంది, అక్కడా ఆటో క్రాప్, 24 కాస్తా 10 అవుతుంది. కెనాన్ పాత ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకి కంపెనీ చిన్న సెన్సర్ లెన్సులైన ఈఎఫ్-ఎస్ అసలు తగలవు కాబట్టి అక్కడ ఈ ఆట సాగదు. కానీ ఆర్ సిరీస్‌కి వస్తే చిన్న సెన్సర్ ఆర్ఎఫ్-ఎస్ లెన్సులు నేరుగా, ఈఎఫ్-ఎస్ అడాప్టర్ మీద పడతాయి. ఆర్6 మొదటి మోడల్‌లో 20 మెగాపిక్సెళ్ళు అలా 8 లోపుకి పడిపోతాయి. 61 మెగాపిక్సెళ్ళ ఏ7ఆర్ ఫోర్ లాంటి బాడీ ఉన్నవాళ్ళకి క్రాప్ చేసినా 26 మిగులుతాయి, వాళ్ళకి అంత దెబ్బ లేదు. దెబ్బంతా 20, 24 మెగాపిక్సెళ్ళ బాడీలు కొనే మనలాంటివాళ్ళకే.

షాపులో చేయాల్సిన పరీక్ష చిన్నదే. మీ కార్డు తీసుకెళ్ళండి. ప్రతి లెన్స్‌తోనూ తెల్లగోడని ఒక ఫోటో తీసి, ప్లే చేసి సైజు చూడండి. 24 అని రాకుండా 10 అని వస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి. తర్వాత మెనూలో ఆ ఏపీఎస్-సీ సెట్టింగ్ ఆఫ్ చేసి మళ్ళీ తీయండి. చిన్న లెన్సయితే మూలల్లో నలుపు దిగుతుంది. ఇదంతా చూసి కౌంటర్‌లో ఎవరైనా "క్రాప్ అయితే జూమ్ ఎక్కువ వస్తుందన్నా, లాభమే కదా" అంటే నమస్కారం పెట్టి బయటికి రండి. ఫోటోషాప్‌లో అంచులు కోసినా ఆ జూమే వస్తుంది, ఆ పని మన కంప్యూటర్ ఉచితంగానే చేస్తుంది.

బిల్లు దగ్గర అసలు కథ ఉంది. లెన్సులు మార్చమని అడిగితే వచ్చిన జవాబు: "బిల్లులో 50 ఎంఎం లెన్స్ అని ఉంది, ఇచ్చింది 50 ఎంఎంనే కదన్నా." నిజమే, బిల్లులో మోడల్ పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు. వాళ్ళు రాయకుండా వదిలింది ఇందుకే. తర్వాత, సెకండ్ హ్యాండ్ కింద సగం రేటుకి వెనక్కి తీసుకుంటామన్నారు, అదేదో మనకి సాయం చేస్తున్నట్టు. కాబట్టి జీఎస్టీ బిల్లులో పూర్తి మోడల్ నంబరు, లెన్స్ మీద ఉన్న సీరియల్ నంబరు రాయించుకోండి. రాయనంటే కొనొద్దు. పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ ఉన్న లేబుల్ కూడా చూడండి, అది లేకపోతే వారంటీ మీద ఆశ పెట్టుకోకండి.

నాకు పనికొచ్చింది వాట్సాప్ చాట్. 'మూడూ ఫుల్ ఫ్రేమేనన్నా' అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్, రెండు సైజుల ఫైళ్ళు చూపిస్తూ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు నంబరు పంపాక షాపు గొంతు మారింది. రేటు తేడా ఏమీ అడక్కుండా 50 మార్చి ఎఫ్ఈ పంపారు. సిగ్మా సంగతి ఇంకా తేలలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బయటి ఊళ్ళో కొన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి, వస్తువు ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు.

కాంబో కాకుండా విడిగా కొనేవాళ్ళకి నా లెక్క చెప్తాను. బాడీ తర్వాత మొదటి డబ్బు 24-70, 28-75 రకం ఎఫ్2.8 జూమ్ మీద పెట్టండి. పెళ్ళిలో ముప్పావు వంతు పని దాంతోనే. టామ్రాన్ 28-75 డీఐ త్రీ మన బడ్జెట్‌కి సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. తర్వాత ఎఫ్ఈ 85 ఎఫ్1.8. వైడ్ ఆఖరున చాలు, గండికోట, సిద్ధవటం ఔట్‌డోర్లు ఎక్కువగా ఉన్నవాళ్ళకి తప్ప. పాత చిన్న బాడీని, దాని లెన్సులని విడదీసి అమ్మకండి, సెట్‌గా అమ్మితేనే రేటు వస్తుంది. పక్షుల పిచ్చి ఉంటే అసలు అమ్మొద్దు. వీరాపురంలో చెట్ల మీది పెయింటెడ్ స్టార్క్ కొంగలకి ఏ6400, 70-350 జోడీయే మేలు. పెద్ద బాడీతో అంత దగ్గరగా రావాలంటే లెన్స్ బరువూ, ధరా రెండూ మోయాలి.

ఇదే కాంబో ఇప్పటికే తీసుకున్నవాళ్ళు ఈ రాత్రికే ఒక్కో లెన్స్ ఫైలూ కంప్యూటర్‌లో తెరిచి కొలత చూడండి. 3936 అని కనిపిస్తే చాట్ బ్యాకప్ తీసుకుని, బిల్లు ఫోటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే షాపుకి ఫోన్ చేయండి. ముందే ఫోన్ చేస్తే, ఈమధ్యే వచ్చిన మెసేజ్‌లయితే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' అయిపోవచ్చు.