ఏడేళ్లుగా రింగ్ ఫైల్లో గీత నోట్స్

అంతకుముందు నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు నింపాను. "కర్మణ్యేవాధికారస్తే" గురించి విన్నదంతా మూడు పుస్తకాల్లో ఏడు చోట్ల ఉండేది. కావాల్సినప్పుడు ఒక్కటీ దొరికేది కాదు. విసుగొచ్చి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర రింగ్ ఫైలు కొన్నాను.

శ్లోకానికో ఏ4 కాగితం, కుడి మూలన 2-47 (రెండో అధ్యాయం, 47వ శ్లోకం) లాగా నంబరు. కొత్త మాట వింటే ఆ కాగితం మీదే తేదీ వేసి రాస్తాను. నిండితే వెనక ఇంకోటి గుచ్చుతాను.

700 శ్లోకాలు ఒక ఫైల్లో పట్టవు. ఆరేసి అధ్యాయాలను ఒక షట్కం అంటారు కదా, అలా మూడు ఫైళ్లు చేశాను. మొదటి షట్కంలోనే 280 శ్లోకాలు, మిగతా రెంటిలో 209, 211. అందుకే మొదటి ఫైలు ఉబ్బిపోయి రింగు సరిగ్గా మూసుకోదు.

దాని ఫలితం పానగల్లులో చూశాను. ఛాయా సోమేశ్వరాలయం ఆవరణలో కూర్చుని చదువుకుంటుంటే రింగు ఊడింది, ఉదయసముద్రం చెరువు గాలికి కాగితాలు లేచాయి. పక్కనున్న పెద్దమ్మ, "బిడ్డా, నీ కృష్ణుడు చెరువు దిక్కు పోతుండు, పట్టుకో!" అని నవ్వింది. మూలన నంబర్లు ఉండబట్టి పావుగంటలో సర్దేశాను.

ఆ నంబర్లే పదమూడో అధ్యాయంలో ముంచాయి. నా పుస్తకంలో అది "ఇదం శరీరం కౌంతేయ"తో మొదలవుతుంది. కొన్ని ముద్రణల్లో దానికి ముందు "ప్రకృతిం పురుషం చైవ" అని అర్జునుడి ప్రశ్న ఉంటుంది, మొత్తం లెక్క 701 అవుతుంది. మా సత్సంగంలో చదివేది ఆ రకం పుస్తకం. ఏడాది పాటు ఒక శ్లోకం మీద చెప్పింది పక్క శ్లోకం కాగితం మీద రాసుకున్నాను! ఇప్పుడు ఆ అధ్యాయంలో నంబరు పక్కన శ్లోకం మొదటి రెండు పదాలు కూడా రాస్తున్నాను.

మిగతావి చిన్న చిక్కులే. ఎక్కువ తిప్పే కాగితాలకు రంధ్రాలు చిరుగుతాయి, టేపు అంటించి మళ్లీ పంచ్ చేస్తాను. వానాకాలం చెమ్మకు జెల్ పెన్ను రాత అలుక్కుపోయింది, అప్పట్నుంచి బాల్ పెన్నే. నెలకోసారి కొత్త కాగితాలను ఫోన్లో ఫొటో తీసి పెడతాను. కానీ నా చేతిరాతను ఫోన్లో వెతకడం కుదరదు, దానికి ఫైలే తీయాలి.

మొదటి అధ్యాయం కాగితాలు చాలావరకు ఖాళీ. శంఖాల పేర్ల మీద ఎంతని రాస్తాం! రెండో అధ్యాయం మాత్రం 72 శ్లోకాలకు 130 కాగితాలు దాటింది. ఈ దసరాకు దానికి వేరే ఫైలు కొంటున్నాను, ఈసారి రింగు గట్టిది చూసి.