ఆలిస్ కథల్లో వింత మాటలు పట్టిపీడిస్తుంటే ఈ పుస్తకం కొనండి

మార్టిన్ గార్డ్‌నర్ నోట్స్ రాసిన ‘ది ఆనొటేటెడ్ ఆలిస్’ గురించి ఇది. లూయిస్ కారల్ ఆలిస్ కథలు రెండూ (‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’, ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’) టెన్నియల్ గీసిన బొమ్మలతో సహా ఇందులో ఉంటాయి, పక్కన మార్జిన్‌లో గార్డ్‌నర్ నోట్స్ నడుస్తుంటాయి. మొదట 1960లో వచ్చింది, ఆ తర్వాత పెంచుకుంటూ పోయారు. నేను చెప్పేది 1999 ఎడిషన్ గురించి.

మొదటి కథలో టీ పార్టీ దగ్గర డార్మౌస్ అనే ఎలుకలాంటి జంతువు చెప్పే కథే చూడండి. ఎల్సీ, లేసీ, టిల్లీ అని ముగ్గురు అక్కచెల్లెళ్ళు ట్రీకిల్ బావి అడుగున ఉంటారు. డిక్షనరీ తీస్తే ట్రీకిల్ అంటే నల్లగా చిక్కగా ఉండే చక్కెర పాకం అని ఉంటుంది, సరే, పాకం బావి, పిల్లల కథ కదా అని పేజీ తిప్పేస్తాం. గార్డ్‌నర్ తిప్పనివ్వడు. ఒకప్పుడు ఆ మాటకి పాముకాటుకీ విషానికీ ఇచ్చే మందు అని అర్థమట, రోగాలు తగ్గిస్తాయని జనం నమ్మే బావుల్ని ట్రీకిల్ బావులనేవాళ్ళట, అలాంటిది ఆక్స్‌ఫర్డ్ పక్కన బిన్సీలో నిజంగానే ఉంది! కారల్ ఉద్యోగం ఆక్స్‌ఫర్డ్‌లోనే, ఈ కథ మొదట విన్నది అక్కడి కాలేజీ డీన్ గారి కూతుళ్ళు. పేర్లూ వాళ్ళవే: ఎల్సీ అంటే ఎల్.సి., అంటే లొరీనా షార్లెట్, లేసీ (Lacie) అంటే ఆలిస్ (Alice) అక్షరాలే అటూ ఇటూ మార్చినవి, టిల్లీ చిన్నదైన ఈడిత్ ముద్దుపేరులోంచి వచ్చింది. ఏ డిక్షనరీ చెప్తుంది ఇవన్నీ?

మాక్ టర్టిల్ అనే తాబేలు పాత్రకి దూడ తల ఎందుకు గీశారో కూడా తెలుస్తుంది, తాబేలు సూప్‌కి బదులు దూడ తలతో చేసే సూప్ పేరది. పందెం అయ్యాక ఆలిస్ పంచే కాంఫిట్స్ మన హోటళ్ళలో భోజనం తర్వాత ఇచ్చే చక్కెర సోంపు లాంటి మిఠాయిలు.

రెండో కథలో ‘జాబర్‌వాకీ’ అని, కల్పించిన మాటలతో రాసిన కవిత ఉంది, దాని దగ్గర నోట్స్ ఇంకా బాగుంటాయి. ఆ మాటలకి హంప్టీ డంప్టీ అనే పాత్ర చెప్పే అర్థాలు కథలోనే ఉన్నాయి కదా, కానీ ఆ మొదటి పద్యాన్ని కారల్ 1855లోనే రాసి, మాటలకి అర్థాలు కూడా రాసి పెట్టుకున్నాడు. అవి కూడా ఇచ్చాడు గార్డ్‌నర్. టోవ్ అంటే తెల్లటి నున్నటి వెంట్రుకలు, పొడుగాటి వెనక కాళ్ళు, దుప్పికున్నట్టు చిన్న కొమ్ములు ఉండే బ్యాడ్జర్ జాతి జంతువట, ఎక్కువగా చీజ్ తిని బతుకుతుందట. హంప్టీ చెప్పినదాంతో పోల్చి చూసుకోవడం భలే సరదాగా ఉంటుంది.

నాకు నచ్చనిది రెండో కథలో చదరంగం ఎత్తుల గురించిన నోట్స్, ఆట మీద ఆసక్తి లేకపోతే దాటేయొచ్చు. నోట్స్ అక్షరాలు చిన్నవి. ఆలిస్ ఇంతవరకూ చదవనివాళ్ళు ముందు నోట్స్ లేని కాపీ ఏదైనా చదవండి, లేకపోతే కథ కాస్తా ముక్కలుముక్కలవుతుంది. పిల్లలకి కొనేట్టయితే కూడా మామూలుదే కొనండి, ఇది మీకోసం ఉంచుకోండి.