తిరుపతిలో ఒక అద్దె పుస్తకాల షాపు, అందులో ఒక లాంగ్ నోటుబుక్కు

ముందే చెప్పేస్తా, కొత్త పుస్తకం వచ్చిన వారంలోపల చేతిలో ఉండాలనుకునేవాళ్లకి ఈ షాపు పనికిరాదు, వాళ్లు ఫోన్లో ఆర్డర్ పెట్టుకోవడమే మేలు. "ఏందో ఒకటి చదవాలని ఉంది గానీ ఏం చదవాలో తెలీట్లా, ఎవురన్నా చెప్తే బాగుండు" అనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా పోవాల్సిన చోటు. తిలక్ రోడ్డు వెనక సందుల్లో, జెరాక్స్ షాపు పక్కన మెట్ల కింద ఉంటాది. పేరు రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతా ఉండా, మళ్లీ షాపాయన ముందరే పోయి నిలబడాల కదా. ఆ పక్క అద్దె పుస్తకాలు యాడ అని అడిగితే చూపిస్తారు.

ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు లేని వీధి లేదు, యండమూరి, మల్లాది నవలలు అట్టలు ఊడిపోయేదాకా తిరిగేవి, తర్వాత టీవీ సీరియళ్లు వచ్చె, సెల్‌ఫోన్లు వచ్చె, ఆ షాపులన్నీ రీఛార్జి పాయింట్లు అయిపోయె. ఇది మాత్రం ఎట్ల నిలబడిందంటే ముందర డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ గైడ్లు అమ్ముతాడు, ఆ డబ్బులతో వెనకాల కథలూ నవలలూ బతకతా ఉండాయి. అద్దె వారానికి పది రూపాయలు, ఆధార్ జెరాక్స్ ఒకటి ఇవ్వాల, డిపాజిట్ కట్టాల. ఇంతవరకు మామూలే.

అసలు విషయం కౌంటర్ పక్కన మేకుకి పురికొసతో కట్టిన లాంగ్ నోటుబుక్కు. పెన్ను కూడా కట్టేసి ఉంటాది, లేకపోతే మనోళ్లు జేబులో పెట్టుకోని పోతారు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "ఇప్పుడు ఏం చదవతా ఉండారు? ఎవురికి చెప్తారు?" అని రాసిపెట్టినాడు. వచ్చినోళ్లు తేదీ వేసి, పుస్తకం పేరు రాసి, కింద ఒకటో రెండో లైన్లు రాసిపోతారు, పేరు రాసేది రాయంది వాళ్లిష్టం. ఒక్కటే రూలు, ఉత్తగా "బాగుంది", "సూపర్" అని రాయకూడదు, రాస్తే ఆయనే ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "ఎందుకు?" అని రాస్తాడు. ఈ ఒక్క రూలుతో ఆ నోటుబుక్కు ఎంత పనికొచ్చేదిగా తయారైందో చూస్తే గానీ నమ్మరు.

ఉదాహరణకి కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' గురించి ఒకరు "ఒక్క రాత్రిలో జరిగే కథ, మీరు కూడా రాత్రే మొదలుపెట్టండి, పొద్దున ఆఫీసుంటే వద్దు" అని రాసినారు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటా ఒక ముసిలాయన అడవిలోకి పోయే కథ అది. దాని కిందనే ఆకుపచ్చ ఇంకుతో ఇంకొకరు, "మా తాత పందులు మేపినోడే, ఈనిన పంది కాడికి సాకినోడు కూడా పోవాలంటే భయమే అని చెప్తా ఉండె, ఈ డాక్టరుకి అదెట్ల తెలిసిందో" అని రాసినారు. నాకు ఆ రెండు లైన్లు చాలు, అప్పుడే పుస్తకం తీసుకున్నా. కేశవరెడ్డి గారు పుట్టింది చిత్తూరు జిల్లాలో, ఉద్యోగం నిజామాబాద్ పక్క డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా, 2015లో పోయినారు, అంత దూరంలో ఉండి కూడా రాసిందంతా మన పల్లెలే మన మాటే.

ఇంకో పేజీలో 'కాలాతీత వ్యక్తులు' నవల మీద పెద్ద కొట్లాట, అందులో ఇందిర, ప్రకాశం అనే పాత్రల గురించి. యూనివర్సిటీ పాప ఎవురో "ఇందిర మీద కోపం రావాల్సిన చోట కూడా రావట్లేదు, అదే నాకు నచ్చింది" అని మొదలుపెడితే, కింద గొలుసుకట్టు రాతతో ఒక పెద్దాయన (రిటైరైన అయివారేమో, ప్రతి అక్షరానికీ తలకట్టు ఉంది) "ప్రకాశం పిరికితనాన్ని వదిలేసి అందరూ ఇందిరనే ఎందుకు తప్పుపడతారమ్మా" అని రాసినాడు, దానికి ఆ పాప మళ్లీ జవాబు, దానికి మూడో మనిషి, అట్ల మార్జిన్ దాకా పోయింది. డాక్టర్ పి.శ్రీదేవి రాసింది ఈ ఒక్క నవలే, 1950ల్లో, 1961లో చిన్న వయసులోనే పోయినారు, 1963లో వచ్చిన చదువుకున్న అమ్మాయిలు సినిమా దీన్నుంచే తీసినారు. అంత పాత నవల మీద ఇప్పటి పిల్లలు కొట్టుకుంటా ఉంటే చూసేదానికి భలే ఉండాది. ఎవురో మహానుభావుడు కథ చివర్లో ఏమైతాదో కూడా రాసేస్తే షాపాయన దాని మీద తెల్లకాగితం అంటించినాడు, ఆ కాగితం మూల ఇప్పుడు నల్లగా అయిపోయి ఉంది, అందరూ ఎత్తి చూసినోళ్లే.

'ప్రళయకావేరి కథలు' పక్కన ఒకరు ఇచ్చిన సలహా కూడా చెప్పాల. స.వెం.రమేశ్ గారు పులికాట్ సరస్సు దీవుల తెలుగులో రాసిన కథలవి, సూళ్లూరుపేట తడ పక్క మాట, మొదట్లో మనకే తగులుకుంటాది. "అర్థం కాకపోతే గట్టిగా పైకి చదవండి, కంటికి తెలీనిది చెవికి తెలుస్తాది" అని రాసినారు. నిజంగానే పనిచేసింది, ఇంట్లో మాయమ్మ కూడా వచ్చి కూర్చోని వినింది. మధురాంతకం రాజారాం గారి కథలకయితే "దామలచెరువంటే మామిడికాయల మండీ ఒకటే తెలిసినోళ్లకి" అని ఒకే లైను. ఆయన ఆ ఊర్లోనే అయివారుగా ఉండి కథలు రాసినారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, మన జిల్లా పిల్లకాయలకి చానామందికి పేరు కూడా తెలీదు.

ఆన్లైన్లో కూడా రేటింగులుంటాయి కదా అంటారు. ఉంటాయి, నాలుగు పాయింట్ మూడు అని చూపిస్తాది, ఆ నాలుగు పాయింట్ మూడు ఎవురు, వాళ్లకి ఏం నచ్చుతాది, నాకేం తెలుసు. ఇక్కడ కొన్నాళ్లకి చేతిరాతలు గుర్తుపడతాం. ఆకుపచ్చ ఇంకాయన చెప్తే కళ్లు మూసుకోని తీసుకుంటా. ఇంకొకరు ఉండారు, అక్షరాలు వాలుగా రాస్తారు, వాళ్లు పొగిడిన పుస్తకం నాకు ఒక్కటి కూడా నచ్చలా, అది కూడా సాయమే, వాళ్లు ఏడ్చినాను అని రాస్తే నేను ఆ పుస్తకం జోలికి పోను. ముఖం తెలీదు, పేరు తెలీదు, రుచి మాత్రం తెలుసు.

ఇప్పుడు తిట్లు. దుమ్ము, అది మామూలు దుమ్ము కాదు, ఆస్తమా ఉన్నోళ్లు మాస్క్ పెట్టుకోని పోండి. వెనక ర్యాకుల కాడ ఒకటే ట్యూబ్‌లైటు, అది కూడా వెలగాలా వద్దా అని ఆలోచిస్తా ఉంటాది, ఫోన్ లైటు వేసుకోనే వెతకాల. నోటుబుక్కులో అందరూ పొగిడేది ఒకే పుస్తకాన్ని, షాపులో ఉండేది ఒకే కాపీ, ఇదెక్కడి న్యాయమో, ఇంకో కాపీ తెప్పించన్నా అంటే "చూద్దాం లేప్పా" అంటాడు, ఆ చూద్దాం ఎప్పటికీ రాదు. డిపాజిట్ వెనక్కి అడిగినరోజు ఆయన ముఖం చూడలేం. పిల్లల పుస్తకాలు దాదాపు సున్నా. అన్నమయ్య, వెంగమాంబ పుస్తకాలు కావాలంటే ఇక్కడ టైం వేస్టు, టీటీడీ బుక్‌స్టాల్‌కి పోతే ధర కూడా తక్కువ.

నోటుబుక్కులో కూడా ఈమధ్య ఒక తెగులు పట్టింది. వరసగా సెల్ఫ్ హెల్ప్ పుస్తకాలే, "మైండ్‌సెట్ మారిపోయింది", "లైఫ్ ఛేంజింగ్", పేజీలకి పేజీలు అదే. మైండ్‌సెట్ మారితే ఏం మారిందో రాయండి స్వామీ, పొద్దున నాలుక్కి లేస్తా ఉండారా, అప్పు తీర్చినారా, ఏందది? షాపాయన ఎర్ర పెన్ను కూడా అలిసిపోయినట్టుంది, ఇప్పుడు అన్నీ కొట్టేయడంలా. ఆ పుస్తకాలు చదవద్దని కాదు, నేనూ చదివినా, రూలు మాత్రం అందరికీ ఒకటే ఉండాల.

రేటింగ్ ఇమ్మంటే షాపుకి మూడు స్టార్లు, నోటుబుక్కుకి ఐదు. పోయేవాళ్లు మధ్యాహ్నం మూడు పైన పోండి, అంతకుముందు ఆయన భోజనానికి పోయుంటాడు, సాయంత్రమైతే గైడ్లు కొనే పిల్లకాయల రష్షులో నోటుబుక్కు దగ్గర నిలబడేదానికే ఉండదు. ఇంకొకటి, కేశవరెడ్డి గారి నవల 'మునెమ్మ' కోసం వెయిటింగ్‌లో ఉండేవాళ్లకి, ఆ ఒక్క కాపీ ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆమె బొల్లిగిత్తని తోలుకోని బయల్దేరింది, నేను సగంలో ఉండా, శనివారం తెచ్చిస్తా, ఆయన్ని ఊరికే ఫోన్ చేసి సతాయించొద్దండి.