పేస్‌మేకర్ ఉందని చెప్పినా ఫామ్‌లో 'లేదు' అని టిక్ పెట్టారు: తిరుపతిలో ఫేస్ లిఫ్ట్ ప్యాకేజీలు కొనేవాళ్లు జాగ్రత్త

సూది లేకుండా, కోత లేకుండా మైక్రోకరెంట్‌తో, అంటే చాలా సన్నటి కరెంటుతో, ముఖం బిగుతు చేస్తామని తిరుపతిలో ప్యాకేజీలు అమ్ముతున్నారు కదా, వాళ్లకు డబ్బు కట్టబోయే ముందు దయచేసి ఇది మొత్తం చదవండి. క్లినిక్ పేరు రాయడం లేదు, కేసు వేస్తున్నాం కాబట్టి ఇప్పుడే పేరు పెట్టొద్దని మా వదిన చెప్పింది, ఆమె లాయర్. పేరు లేకపోయినా మీలో చాలామందికి అర్థమవుతుంది. పండగ ముందు పేపర్ మధ్యలో పెట్టి ఇంటింటికీ పాంప్లెట్ వేయించింది వాళ్లే. రెండు గంటలైనా కాలేదు ఇంటికొచ్చి, చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చిన్నమ్మ కూతురి పెళ్లి ఉందని 30,000 కట్టి ప్యాకేజీ తీసుకున్నాను. మొత్తం ముందే కట్టాలన్నారు, ఫోన్‌పేలో కట్టాను. బిల్లు అడిగితే ప్యాకేజీ పూర్తయ్యాక అన్నీ కలిపి ఇస్తామన్నారు, ప్రస్తుతానికి సిట్టింగుల గళ్లున్న ఒక అట్టముక్క చేతిలో పెట్టారు. ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చని కూడా వాళ్లే చెప్పారు. నేను కొన్ని సిట్టింగులు చేయించుకున్నాక ఆఫీసులో షిఫ్ట్ మారి వెళ్లలేకపోయాను. గడువు అయిపోతోంది మేడం, మిగతావి మీ అమ్మగారికి చేయిద్దాం, ఆ వయసువాళ్లకే తేడా బాగా కనిపిస్తుంది అని మేనేజర్ ఫోన్ మీద ఫోన్.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ ఫోన్‌లోనే నేను చెప్పాను, మా అమ్మకు పేస్‌మేకర్ ఉంది, ఇది కరెంటుతో చేసేది కదా, చేయొచ్చా అని. "మా డాక్టర్ గారు చూసే చేస్తారు మేడం, మీరు తీసుకురండి" అంది. డాక్టర్ చూసి వద్దంటే తిరిగి వచ్చేద్దాం అనుకునే తీసుకెళ్లాను. కాల్ రికార్డింగ్ నా ఫోన్‌లో ఉంది.

మా అమ్మకు 63 ఏళ్లు. కళ్లు తిరిగి పడిపోతుంటే గుండె కొట్టుకునే వేగం బాగా తగ్గిపోతోందని స్విమ్స్‌లో పేస్‌మేకర్ పెట్టారు. ఎడమవైపు కాలర్ బోన్ కింద చర్మం లోపల ఉంటుంది, చెయ్యి పెడితే గట్టిగా తగులుతుంది. ఈరోజు రిసెప్షన్‌లో కూర్చోగానే అమ్మ చేతికి ట్యాబ్ ఇచ్చి, "ఎంట్రీ కోసం సంతకం పెట్టండమ్మా" అన్నారు. వేలితో తెలుగులో సంతకం పెట్టింది. స్క్రీన్ మీద సంతకం పెట్టే గడి ఒక్కటే కనిపించింది, పైన ఏముందో ఎవరూ చూపించలేదు. వెంటనే లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు. డాక్టర్ వస్తారని నేను పక్కనే స్టూల్ మీద కూర్చున్నాను. డాక్టర్ రాలేదు, ఒక చిన్న అమ్మాయి వచ్చి దవడ కింద, మెడ దగ్గర జెల్ రాసింది. మిషన్ ఆన్ చేసింది. రెండు చేతుల్లో రెండు ఇనుప పుల్లల్లాంటివి పట్టుకుంది. నేను లేచి డాక్టర్ ఎక్కడ అని అడుగుతుండగానే అమ్మ తనంతట తానే అడిగింది, "పాపా, నాకు ఈడ మిషన్ పెట్టుండారు గదా, కరెంటు పెడితే ఏం గాదా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. పాపం, తనకి ఎవరూ చెప్పలేదు. చేతిలోవి పక్కన పెట్టేసి బయటికి పరిగెత్తింది. మేనేజర్ తలుపు దగ్గరే నిలబడి, లోపలికి కూడా రాకుండా, "చిన్న కరెంటే, ఏం కాదు, తక్కువలో పెట్టి చేసేయ్" అంది. నేను వద్దని గట్టిగా అరిచాను. అమ్మని లేపి కూర్చోబెట్టి, డాక్టర్ ఎక్కడ అని మళ్లీ అడిగాను. సార్ చెన్నైలో ఉన్నారట, ఫామ్ చూసి ఓకే చేశారట. ఏ ఫామ్ అన్నాను. ట్యాబ్ తెచ్చి చూపించింది.

అది చూశాక నాకు మాట రాలేదు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మ పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివింది, ఇంగ్లీషు చదవలేదు. గర్భిణా, మూర్ఛ ఉందా, క్యాన్సర్ ఉందా, ముఖంలో లోహపు ప్లేట్లున్నాయా, పేస్‌మేకర్ ఉందా అని వరసగా ప్రశ్నలు. అన్నిటికీ 'లేదు' దగ్గర టిక్కులు. పేస్‌మేకర్ ప్రశ్నకు కూడా. కింద తెలుగులో మా అమ్మ సంతకం.

ఈ టిక్కులు ఎవరు పెట్టారని అడిగాను. ఆమె చెప్పిన జవాబు మాట మారకుండా రాస్తున్నాను: "అది స్టాండర్డ్ ఫామ్ మేడం, అందరికీ అట్లనే పెడతాం." పేస్‌మేకర్ ఉందని మీకు ఫోన్‌లో ముందే చెప్పాను కదా అన్నాను. "సంతకం మీ అమ్మగారిదే కదా మేడం, చూసుకుని పెట్టాలి" అంది. మా అమ్మ ఎదురుగానే ఆ మాట అంది. జెల్ ఇంకా మెడ మీద తుడవనైనా లేదు.

దీని అర్థం ఏంటో ఆలోచించండి. అడగాల్సిన ప్రశ్నలు వాళ్ల దగ్గర ఉన్నాయి, అంటే ఎవరికి చేయకూడదో వాళ్లకు బాగా తెలుసు. తెలిసి కూడా అడగరు. అడిగితే సగం మంది వెనక్కి పోతారు, డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. అందుకని అందరి తరఫునా 'లేదు' అని వాళ్లే నింపి సంతకం ఒక్కటి మన దగ్గర తీసుకుంటారు. ఈరోజు మా అమ్మకు ఏమైనా జరిగి ఉంటే రేపు పోలీసుల ముందు ఆ కాగితం పెట్టి, ఆవిడే అబద్ధం చెప్పిందని అనేవాళ్లు. పెళ్లికి వచ్చేవాళ్లకు నవ్వుతూ కనిపించాలని తీసుకెళ్లిన మనిషిని దోషిని చేసేవాళ్లు. రాస్తుంటే కడుపు మండిపోతోంది.

ట్యాబ్ లాక్కునే లోపల ఆ పేజీ ఫొటో తీశాను.

అక్కడినుంచి నేరుగా కార్డియాలజీకి తీసుకెళ్లాను. మిషన్ పెట్టి పేస్‌మేకర్ చెక్ చేశారు, అంతా సరిగానే ఉంది, ఆ దేవుడి దయ. అక్కడ డాక్టర్ గారు అర్థమయ్యేలా చెప్పారు. పేస్‌మేకర్ ఊరికే కొట్టుకుంటూ పోయేది కాదు, గుండె నుంచి వచ్చే సన్నటి విద్యుత్ సంకేతాలను ఎప్పుడూ వింటూ ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటుంది, కొట్టుకోకపోతే తను కొడుతుంది. బయట నుంచి మెడ దగ్గర కరెంటు పెడితే దాన్నే గుండె సంకేతం అనుకుని కొట్టాల్సిన సమయంలో ఆగిపోయే ప్రమాదం ఉంది. పూర్తిగా దాని మీదే ఆధారపడిన మనిషైతే అక్కడే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కరెంటు చిన్నదే కదా అనుకోవడానికి లేదు, పేస్‌మేకర్ వినేవే చాలా చిన్న సంకేతాలు. మైక్రోకరెంట్ మిషన్ల వెంట వచ్చే పుస్తకాల్లోనే వాడకూడనివాళ్ల జాబితాలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లని రాసి ఉంటుందట.

ఇక నా సిట్టింగుల సంగతి. నాకు ప్రతిసారీ దవడ దగ్గర చురుక్కుమనేది, ఒక్కోసారి పెదవి పక్కన కండరం ఎగిరేది, ఇంటికొచ్చాక ఎర్రగా ఉండేది. అడిగితే "అంటే పనిచేస్తోందని" అన్నారు. ఇప్పుడు రుయాలో చర్మం ఓపీలో చూపిస్తే అసలు విషయం తెలిసింది. మైక్రోకరెంట్ అంటే ఆంపియర్‌లో పది లక్షో వంతు లెక్కలో ఉండే కరెంటు, ముఖానికి వాడేది మామూలుగా 1 మిల్లీఆంపియర్ (ఆంపియర్‌లో వెయ్యో వంతు) కూడా దాటదు. చాలామందికి అది తగిలినట్టే అనిపించదు, మహా అయితే నోట్లో కొంచెం లోహపు రుచి, చిన్న గిలిగింత. చురుక్కుమంటోందంటే జెల్ చాలకపోవడమో, ఎండిపోవడమో. కండరం ఎగిరెగిరి పడుతోందంటే అది కండరాలను కదిలించే వేరే రకం మిషన్ అయ్యుండొచ్చు, దాని కరెంటు చాలా ఎక్కువ. నా ముఖం మీద ఏ మిషన్ పెట్టారో నాకిప్పటికీ తెలియదు. కంపెనీ పేరు అడిగితే "ఇంపోర్టెడ్ మేడం" అని తప్ప ఇంకో మాట రాలేదు.

జెల్ విషయం అందరూ గమనించండి. రెండు పుల్లలూ కదులుతున్నంతసేపూ చర్మం తడిగా, జారుతూ ఉండాలి. వాళ్లు ఒక్కసారి పల్చగా రాసి, ఆరిపోయినా మళ్లీ రాయరు. ఒక సీసా ఎంతమందికి వస్తుందో అదే వాళ్ల లెక్క.

పాంప్లెట్‌లో రాసినవి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బు కట్టింది అవి చదివే. చర్మ కణాల్లో శక్తి 500 శాతం పెరుగుతుందని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ అంకె 1982లో వచ్చిన ఒక పరిశోధనలోది, ఎలుక చర్మం మీద ల్యాబ్‌లో చేసింది. మనుషుల ముఖం మీద ముడతలు పోయాయని అందులో లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రపంచమంతా అమ్మకందార్లు అదే అంకె తిప్పి తిప్పి వాడుతున్నారు. ఇంకొకటి, అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిందని గోడ మీద రాశారు. ఈ రకం మిషన్లలో కొన్నిటికి అక్కడ క్లియరెన్స్ ఉన్న మాట నిజమే, కానీ క్లియరెన్స్ అంటే ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఫలానా మిషన్ లాంటిదే ఇది అని ఒప్పుకోవడం. ముడతలు పోతాయని పరీక్షించి ముద్ర వేయడం కాదు. అది కూడా ఫలానా మోడల్‌కి మాత్రమే, గోడకి కాదు కదా.

అసలు ఈ ట్రీట్‌మెంటే మోసమని నేను అనడం లేదు. చేయించుకున్న రోజు, ఆ మర్నాడు ముఖం కొంచెం బిగుతుగా, తేటగా అనిపించడం నాకూ జరిగింది. అది నిలవదు, ఆపేస్తే పోతుంది, ఉండాలంటే చేయించుకుంటూనే ఉండాలి. దీని మీద జరిగిన పరిశోధనలు కూడా చిన్నవే అని రుయాలో డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట 30,000 తీసుకునే ముందు చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. "పదేళ్లు వెనక్కి" అని చెప్పి అమ్మారు.

డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరట, ఆ అట్టముక్క వెనకాల 'నో రీఫండ్' అని ఉందట. ఉంది నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో. అక్కడ వెయిటింగ్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు నా గొడవ విని లేచి వచ్చారు. అందులో ఒకావిడకు మూర్ఛ ఉందట, మాత్రలు వాడుతోంది, ఆమెనూ ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ అక్కడికక్కడే తన ఫామ్ చూపించమంది. మేనేజర్ సిస్టమ్ డౌన్ అంది.

వదిన చెప్పినవి రాస్తున్నాను, మీకూ పనికొస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. సేవ సరిగా లేదని రద్దు చేసుకుంటే బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా అదే కిందికి వస్తుంది. అట్టముక్క మీద వాళ్లు అచ్చు వేసుకున్నంత మాత్రాన చట్టం ఆగిపోదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు ఏమీ లేదు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపల వేయాలి, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. చిత్తూరు, పలమనేరు నుంచి వచ్చి ఇక్కడ చేయించుకున్నవాళ్లున్నారు కదా, మీరు కేసు కోసం తిరుపతి తిరగనక్కర్లేదు.

ఇప్పటికే ఎక్కడో ప్యాకేజీ కట్టి ఉంటే, మీ ఫామ్ ఈరోజే అడిగి ఫొటో తీసుకోండి, టిక్కులు ఎవరు పెట్టారో చూడండి. గర్భంతో ఉన్నా, మూర్ఛ, క్యాన్సర్, ముఖంలో ప్లేట్లు, పేస్‌మేకర్ లాంటివి ఏవి ఉన్నా మీ డాక్టర్‌ని అడగకుండా మంచం ఎక్కకండి. ఈమధ్యే బొటాక్స్, ఫిల్లర్ లాంటి ముఖం ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు కూడా. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉంటే డాక్టర్ అని కాదు, చర్మ వైద్యుల చదువులైన ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా చూడండి, ఆ డాక్టర్ ఆ గదిలో ఉన్నాడా అదీ చూడండి. డబ్బు సిట్టింగుకు సిట్టింగుకు కట్టండి.

ఆ క్లినిక్‌లో మూర్ఛ ఉందని చెప్పిన అక్క ఇది చదువుతుంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి, కంగారులో మీ నంబర్ తీసుకోలేదు. మీ ఫామ్ కూడా బయటికి వస్తే కేసు చాలా గట్టిపడుతుందని వదిన అంటోంది. సోమవారం కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం.