తపాలాలో వచ్చిన ఆత్మీయ పాఠాలు: ఒక రిటైర్డ్ కండక్టరు అభిప్రాయం

నేను చేసిన తపాలా బైబిలు కోర్సులో మొత్తం 12 పాఠాలు. ఒక్కొక్కటి మధ్యకు మడిచిన నాలుగు పేజీల కాగితం, చివరి పేజీలో ప్రశ్నలు. రుసుము లేదు, జవాబులు పంపే కవరుకు స్టాంపు మాత్రం మనదే. ఆత్మానుసారంగా, అంటే దేవుని ఆత్మ నడిపించినట్టు జీవించడం, నిత్యజీవం పొందడం అన్నది విషయం. ఇలాంటి తపాలా బైబిలు కోర్సులు తెలుగులో చాలానే ఉన్నాయి. నేను చేసినదాని పేరు రాయడం లేదు. లోపాలు కూడా చెప్పబోతున్నాను. పైసా తీసుకోకుండా నేర్పినవాళ్లను పేరు పెట్టి అనడానికి మనసొప్పలేదు.

ముందు లోపాలే చెబుతాను. అక్షరాలు మరీ చిన్నవి. ఇంత తీరిగ్గా కూర్చుని పాఠాలు రాసి పంపేవాళ్లు నాలాంటి రిటైరైనవాళ్లే ఎక్కువ ఉంటారని వాళ్లకు తట్టినట్టు లేదు. నాలుగో పాఠం రెండుసార్లు వచ్చింది, అయిదోది కార్డు రాసి అడిగాక వచ్చింది. ప్రశ్నలు కొన్ని చిన్నపిల్లలకు ఇచ్చేవి. ఆత్మ ఫలంలో లేనిది ఏది అని అడిగి ప్రేమ, సంతోషం, సమాధానం (శాంతి) పక్కన ‘ధనం’ అని పెడితే ఎవరు తప్పు రాస్తారు?

భాషల వరం, అంటే ఆత్మ ప్రేరణతో నేర్చుకోని భాషల్లో మాట్లాడడం, దాని దగ్గర మాత్రం పూర్తిగా తప్పించుకున్నారు. ఒక పేరా రాసి, మిగతాది మీ సంఘ కాపరిని (పాస్టరును) అడగండి అన్నారు. బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తువారు ఇలా అన్ని శాఖలవాళ్లూ చేసే కోర్సు కదా, దీని మీద లేనిపోని తగవు ఎందుకనుకుని ఉంటారు. కానీ బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో (లేఖలో) 12 నుంచి 14 దాకా మూడు అధ్యాయాలు ఆత్మ ఇచ్చే వరాల సంగతికే కేటాయించాడు. ఒక పేరాతో సరిపెట్టడం అన్యాయం.

ఇక పౌలు రాసిన మరో లేఖ, గలతీ పత్రిక, అయిదో అధ్యాయం మీది పాఠం. దీనికోసమైనా ఈ కోర్సు చేయవచ్చు. పౌలు అక్కడ శరీరకార్యాలను, అంటే మనిషి పాపపు స్వభావం చేయించే పనులను, వరసగా చెప్పుకొస్తాడు, మన తెలుగు బైబిల్లో 15. మా వైపు ఈ వాక్యం తీశారంటే జారత్వం, తాగుడు దగ్గరే ప్రసంగం అయిపోతుంది. ఈ పాఠంలో ఆ 15 పేర్లనూ నిలువుగా అచ్చువేసి, పక్కన గడులు వదిలి, తోటి మనుషులతో పొత్తు చెడగొట్టేవాటికి గుర్తు పెట్టమన్నారు. ద్వేషాలు, కలహం, మత్సరాలు, క్రోధాలు, కక్షలు, భేదాలు, విమతాలు, అసూయలు. ఎనిమిది! సగానికి పైనే. మా సంఘంలో కమిటీ ఎన్నికలయ్యాక ఒకరి ముఖం ఒకరు చూసుకోని పెద్దలున్నారు. ఒక్కరూ చుక్క ముట్టరు. ఆ కాగితం జెరాక్సు తీయించి ఇద్దరికి ఇచ్చాను. ఒకాయన మడత విప్పి చూసి తిరిగి నా చేతిలోనే పెట్టారు.

నిత్యజీవం పాఠాలు పౌలు రాసిన రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చుట్టూ నడుస్తాయి. చాలామందికి నిత్యజీవం అంటే ముందే తీసుకున్న టికెట్టు. జేబులో వేసుకుని, దిగాల్సిన స్టేజీ వచ్చేదాకా కునుకు తీస్తారు. నా సర్వీసంతా వాళ్ల మధ్యే గడిచింది, నాకు తెలుసు. ఈ కోర్సు యోహాను సువార్త 17:3 చూపించి, దేవుణ్ణీ ఆయన పంపిన క్రీస్తునూ ఎరగడమే నిత్యజీవం కాబట్టి అది ఇక్కడే మొదలవుతుందని చెబుతుంది. చావు తర్వాతి సంగతిని కూడా గాలికి వదిలేయలేదు. రోమా 8:11 ప్రకారం యేసును లేపినవాడు చావుకు లోనైన మన శరీరాలను సైతం బ్రతికిస్తాడు. కదిలే బస్సులో నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నవాణ్ణి, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను.

చివరి పేజీ అడుగున ‘మీ ప్రశ్న’ అని చిన్న గడి ఉంటుంది. యేసు గొర్రెలు, అంటే ఆయన్ని నమ్మినవాళ్లు, ఎన్నటికీ నశించరని యోహాను 10:28లో ఉంది. శరీరానుసారంగా నడిస్తే చావవలసిందేనని రోమా 8:13లో ఉంది. విశ్వాసి దేన్ని పట్టుకోవాలి అని అడిగాను. అచ్చుకాగితం వస్తుందనుకుంటే రెండువైపులా చేత్తో రాసిన జవాబు వచ్చింది. అదే 8:13లో శారీరక్రియలను (పాపపు పనులను) చంపేది ‘ఆత్మచేత’ అని పౌలు అన్నాడు, కాబట్టి అది రక్షణకు మనం చెల్లించే వెల కాదు, లోపల జీవం ఉందనడానికి గుర్తు. అలాగని హెచ్చరిక ఉత్తది కాదు, పాపంతో రాజీపడి కూర్చున్నవాడు 10:28 చూపించి ధైర్యం చెప్పుకోకూడదు. దీని మీద సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదని కూడా దాచకుండా రాశారు. నాకు పూర్తిగా తృప్తి కలగలేదు. అలాంటివి చేసేవారు దేవుని రాజ్యానికి వారసులు కారన్న గలతీ 5:21 ఇంకా అడ్డం తగులుతూనే ఉంది, మళ్లీ రాశాను.

ఇంకొకటి మెచ్చుకోవాలి. ఆత్మనుబట్టి విత్తేవాడు నిత్యజీవమనే పంట కోస్తాడన్న గలతీ 6:8ని ఈ మధ్య కానుకల కవర్ల మీద అచ్చువేస్తున్నారు. ఈ పాఠంలో దాని వెంటనే 9, 10 వచనాలు పెట్టి, విసుగు లేకుండా అందరికీ మేలు చేయడమే ఆ విత్తడమని తేల్చారు. కవరు పెట్టలేదు.

చేరేవాళ్లు చిరునామా పిన్‌కోడుతో సహా పెద్ద అక్షరాలతో రాయండి. ఖాళీలు పూరించడం ఎలాగూ వస్తుంది. ఆ ‘మీ ప్రశ్న’ గడిని మాత్రం ఖాళీగా పంపకండి.