చిన్న కారుతో దక్షిణాఫ్రికా: 14 రాత్రులు, దాదాపు 3,000 కిలోమీటర్లు

మేము మొదట గీసుకున్న దారిలో నమీబియా, బోట్స్వానా కూడా ఉన్నాయి. అద్దె కార్ల నిబంధనలు ఒక్కొక్కటే చదువుతూ పోయేసరికి ఆ రెండు దేశాలూ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. నమీబియాలో ప్రధాన రహదారులు తారువే అయినా, చూడదగిన చోట్లను కలిపే దారుల్లో ఎక్కువ భాగం కంకర రోడ్లే. సొసుస్‌వ్లే ఇసుక దిబ్బల దగ్గర సెస్రియం గేటు నుంచి 60 కిలోమీటర్లు చక్కటి తారు రోడ్డు ఉంది, చివరి 5 కిలోమీటర్ల ఇసుకకు షటిల్ బండి కూడా దొరుకుతుంది; కానీ ఆ గేటు దాకా చేరడానికే గంటల తరబడి కంకర మీద నడపాలి. మేము అడిగిన చోట చిన్న కార్లకు ఇచ్చే బీమాలో కంకర రోడ్ల మీద టైర్లకు, కారు అడుగు భాగానికి జరిగే నష్టం లేదు. బోట్స్వానాలో మోరేమి అభయారణ్యం వంటి చోట్లకు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి) లేకుండా వెళ్ళడం తగని పని. ఫోర్ బై ఫోర్‌కు మాకు చెప్పిన అద్దె చిన్న కారుకు మూడింతలకు పైనే ఉంది. కనుక కారును మార్చకుండా దారినే మార్చుకున్నాము: జొహానెస్‌బర్గ్, గ్రాస్కాప్, క్రూగర్ పార్కు, సెయింట్ లూసియా, డర్బన్, డ్రాకెన్స్‌బర్గ్ కొండలు, మళ్ళీ జొహానెస్‌బర్గ్. అద్దెలో మిగిలిన డబ్బును పార్కు లోపలి బసల మీద పెట్టాము. ప్రయాణమంతటిలో మేము తీసుకున్న మంచి నిర్ణయం అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

మేము ముగ్గురం: నేను, నా భార్య, ఆమె తమ్ముడు. ఆగస్టు చివరి వారంలో హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా వెళ్ళాము. ఆడిస్ అబాబా మీదుగా టికెట్టు కొంచెం చవకగా దొరికింది గాని, ఎల్లో ఫీవర్ ఉన్న దేశంలో 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికాలో టీకా పత్రం అడుగుతారు. మాకు వచ్చిన టికెట్టులో ఆగే సమయం సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఉండడంతో దాని జోలికి పోలేదు. వీసా ఒక్క ప్రవేశానికే వచ్చింది. క్రూగర్ నుంచి దక్షిణానికి దగ్గరి దారి ఎస్వాటిని దేశం గుండా పోతుంది. ఒకసారి సరిహద్దు దాటితే తిరిగి లోపలికి రాలేము కనుక ఆ దారి కూడా మూసుకుపోయింది. ఈ దారిన వెళ్ళదలచిన వారు దరఖాస్తులోనే ఒకటికి మించిన ప్రవేశాలు అడగడం మంచిది, మేము అడగలేదు.

కారు మాట కొంచెం వివరంగా చెప్పాలి. కౌంటరులో మాకు ఇచ్చినది టయోటా స్టార్లెట్, అంటే మన దేశంలో తయారై టయోటా చిహ్నం తగిలించుకొని సముద్రం దాటిన బలేనో. వేల మైళ్ళు ఎగిరి వచ్చి మన వీధిలో తిరిగే కారే ఎక్కాల్సి వచ్చిందని నా భార్య నవ్వింది. అయితే అలవాటైన కారు, అలవాటైన ఎడమ వైపు ప్రయాణం కావడం వల్ల మొదటి గంటలోనే బెరుకు పోయింది. అసలు డ్రైవరు పేరు మీద క్రెడిట్ కార్డు తప్పనిసరి. డెబిట్ కార్డు ఒప్పుకోలేదు. పూచీకత్తుగా నిలిపి ఉంచిన సొమ్ము మొత్తం అద్దెలో సగానికి దగ్గరగా ఉంది. తెలంగాణ లైసెన్సు ఇంగ్లీషులోనే ఉన్నా, ఆర్టీయే కార్యాలయంలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ కూడా వెంట ఉంచుకున్నాను. కౌంటరులో రెండూ చూశారు.

ఆ కారులో అసలు ఇబ్బంది డిక్కీ. రెండు గట్టి సూటుకేసులు పెట్టగానే నిండిపోయింది, మూడోది వెనక సీటు మీదికి వచ్చింది. జొహానెస్‌బర్గ్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల అద్దాలు పగలగొట్టి సంచులు లాక్కుపోయే దొంగతనాల గురించి అందరూ హెచ్చరిస్తారు, కనుక సీటు మీద పెట్టె కనపడడమే ప్రమాదం. ఆ ఊళ్ళో విమానాశ్రయం పక్కనే ఒక రాత్రి పడుకొని, తెల్లవారుతూనే బయలుదేరాము. ముగ్గురు వెళ్ళేవారు మెత్తని సంచులు తీసుకెళ్ళాలి, లేదా అదే ధర శ్రేణిలో డిక్కీ మూసి ఉండే సెడాన్ అడగాలి.

ఎన్4 రహదారి మీద 120 కిలోమీటర్ల వేగం అనుమతి ఉంది, టోల్ గేట్లు వరసగా వస్తాయి. టోల్ కోసం చిల్లర రాండ్లు దగ్గర ఉంచుకున్నాము. పెట్రోలు బంకుల్లో మన దగ్గరలాగే మనుషులే పోస్తారు, అద్దం తుడుస్తారు, అయిదో పదో రాండ్లు చేతిలో పెడితే చాలు. పెట్రోలు ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ప్రతి నెల మొదటి బుధవారం మారుతుంది, కాబట్టి చవక బంకు కోసం వెతుక్కొనే అవసరం లేదు. రెండు వరసల రోడ్ల మీద మాకు బాగా నచ్చిన మర్యాద ఒకటుంది: ముందు వెళ్ళే లారీ ఎడమ పక్కన ఉన్న పసుపు గీత దాటి జరిగి దారి ఇస్తుంది, దాటిన వారు రెండు సార్లు హజార్డ్ లైట్లు వెలిగించి కృతజ్ఞత చెబుతారు, లారీ హెడ్‌లైటు మినుకుమనిపించి బదులిస్తుంది. రెండో రోజుకల్లా మా బావమరిది ఆ లైట్ల పని తనదేనని తీసుకున్నాడు.

గ్రాస్కాప్‌లో రెండు రాత్రులు ఉన్నాము, ఒకటి చాలు. బ్లైడ్ నది లోయ, త్రీ రాండావెల్స్ కొండలు, నీరు రాతిని గుండ్రంగా తొలిచిన బర్క్స్ లక్ గుంతలు ఆర్532 రోడ్డు మీద ఒక పగటిలో చూడవచ్చు. గాడ్స్ విండో అనే కొండ అంచు దగ్గర రెండు సార్లూ పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఊళ్ళో పాన్‌కేక్‌లకు పేరుంది, శాకాహారులకు కూడా కడుపు నిండుతుంది.

క్రూగర్‌లో నాలుగు రాత్రులు: సతారా క్యాంపులో రెండు, లోయర్ సబీ క్యాంపులో రెండు. 1898లో సబీ సంరక్షిత అరణ్యంగా మొదలై 1926లో జాతీయ పార్కు అయిన ఈ అడవి ఉత్తర దక్షిణాలుగా సుమారు 350 కిలోమీటర్లు సాగుతుంది. పార్కు బయటి హోటళ్ళు చవకే, కొన్ని అందమైనవి కూడా; కానీ బయట ఉంటే తెల్లవారుజామున గేటు దగ్గర వరుసలో నిలబడడం, సాయంత్రం గేటు మూయక ముందే పరుగెత్తడం తప్పవు. లోపల ఉంటే మా నెలలో ఉదయం 6కు క్యాంపు గేటు తెరవగానే అడవిలో ఉన్నట్టే. విదేశీయుల రోజు రుసుము స్థానికుల రుసుముకు దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. ఏడాది పాటు చెల్లే వైల్డ్ కార్డు కొంటే లాభమేమోనని లెక్క వేశాము గాని, మా నాలుగు రోజులకు గిట్టుబాటు కాదని తేలింది.

సతారాలో గుండ్రటి గుడిసెలు వలయాలుగా ఉంటాయి, చుట్టూ గడ్డి మైదానం. చిన్న కారుకు ఉన్న ఒకే నిజమైన లోపం ఇక్కడే తెలిసింది. కంటి ఎత్తు తక్కువ కావడం వల్ల, ఎత్తైన బండ్లలోని వారు సింహాన్ని చూసి వేలు చూపిస్తుంటే మాకు గడ్డి మాత్రమే కనిపించేది. ఆగస్టులో గడ్డి ఎండి వాలిపోయి ఉండబట్టి సరిపోయింది. వానల తరవాత వెళితే సగం జంతువులు కనపడకుండానే పోతాయి. దీనికి విరుగుడు క్యాంపు కార్యాలయంలోనే ఉంది: పార్కు వారే నడిపే ఎత్తైన తెరిచిన బండిలో సాయంత్రపు సవారీ. దానికి డబ్బు పెట్టడం దండుగ కాదు, చిరుత మాకు అందులోనే కనిపించింది. పగలు ఎస్100 మట్టి రోడ్డు మీద మా కారు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, మట్టి మీద అక్కడ 40 దాటకూడదు కనుక తొందరపడే ప్రసక్తి కూడా లేదు.

లోయర్ సబీ నుంచి స్కుకూజా వెళ్ళే హెచ్4-1 రోడ్డు సబీ నదిని ఆనుకొని సాగుతుంది. మూడో రోజు ఉదయం అక్కడ ఒక మలుపు తిరగగానే ఒంటరి మగ ఏనుగు రోడ్డు మధ్యలో మాకు ఎదురుగా నడిచి వస్తోంది. కణతల పక్కన తడి చార ఉంది, అంటే మదం మీద ఉన్న ఏనుగు. నేను బండి ఆపి చూస్తుంటే వెనక సీటులోంచి, "బావా, ఆపకు, వెనక్కి పోనివ్వు, మెల్లగా పోనివ్వు" అన్న మాట గుసగుసగా వినిపించింది. దాదాపు 300 మీటర్లు వెనక్కే నడిపాను. అది మామూలు నడకతోనే వస్తోంది, కానీ స్టార్లెట్ బానెట్ దాని మోకాలి ఎత్తుకు మించదని ఆ క్షణంలో తెలిసిపోయింది. చివరికి నది వైపు ఒక కొమ్మ దాన్ని ఆకర్షించింది. ఆ కొమ్మ విరిగిన చప్పుడు మూసిన అద్దాల్లోంచి కూడా స్పష్టంగా వినపడింది. ఇంజను ఆపకూడదు, వెనక దారి మూసుకొనేలా మరో కారును నిలవనివ్వకూడదు అన్న రెండు సంగతులు ముందే చదివి ఉండడం పనికొచ్చింది.

లోయర్ సబీలో నది వైపు గుడారం దొరికింది. మంచాలు, స్నానాలగది, బయట వంటగట్టు అన్నీ ఉన్నాయి. ఫ్రిజ్ తలుపుకు గొళ్ళెం ఎందుకుందో మొదట అర్థం కాలేదు. బియ్యం కడగడానికి వెనక్కి తిరిగిన అరనిమిషంలో ఒక కోతి రొట్టె పొట్లం పట్టుకొని గుడారం కప్పెక్కింది. ఆ పూట అన్నం, కందిపొడి, పెరుగుతో గడిచింది. పార్కు దుకాణాల్లో బియ్యం, పెరుగు, ఉల్లి దొరుకుతాయి. కూరగాయలు మాత్రం బయటి సూపర్‌మార్కెట్‌లోనే కొని తెచ్చుకోవాలి.

ఎస్వాటినిని చుట్టి దక్షిణానికి దిగిన రోజు ప్రయాణంలో కెల్లా చెడ్డ రోజు. బార్బర్టన్ మీదుగా పీట్ రెటీఫ్ వైపు వచ్చే రోడ్లను బొగ్గు లారీలు, కలప లారీలు గుంతలమయం చేశాయి. ఒక గుంతలో ముందు ఎడమ టైరు పగిలింది. స్టెప్నీ తీసి చూస్తే అది సన్నటి తాత్కాలిక చక్రం, 80 దాటి నడపరాదని దాని మీదే రాసి ఉంది. పైగా అందులో గాలి సగమే ఉంది. కారు తీసుకున్నప్పుడు గీతలన్నిటినీ ఫోటో తీసిన మేము డిక్కీ అడుగున చూడలేదు, ఇచ్చినవారూ చూడలేదు. చీకటి పడితే రోడ్డు మీద పశువులు, మనుషులు కనపడరని ముందే నిర్ణయించుకున్నా, ఆ రోజు పొంగోలా చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి బస గురించి చెప్పుకోవడానికేమీ లేదు, వేడినీళ్ళు ఉన్నాయి. మరునాడు కొత్త టైరు కొన్నాము. టైరు, అద్దాల బీమాను రోజుకు కొద్దిపాటి సొమ్ము ఆదా అవుతుందని వద్దన్నది నేనే.

సెయింట్ లూసియాలో మూడు రాత్రులు గడిపాము, ఇంకొకటి ఉన్నా కాదనేవాళ్ళం కాదు. 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఇసిమంగలిసో చిత్తడి నేలల అంచున ఉన్న చిన్న ఊరు ఇది. రాత్రిళ్ళు నీటిగుర్రాలు వీధుల్లోకి వచ్చి పచ్చిక మేస్తాయి, జాగ్రత్త అని పలకలు కూడా పెట్టారు. మా గెస్ట్‌హౌస్ యజమానురాలు చేతిలో టార్చి పెట్టి, భోజనానికి నడిచి వెళ్ళినా తిరిగి వచ్చేటప్పుడు ముందు వీధి మలుపు చూసి రమ్మని చెప్పారు. రెండో రాత్రి గేటుకు అవతల గడ్డి పరపరా తెంపుతున్న శబ్దం విని వాకిట్లోనే ఆగిపోయాము. పది నిమిషాలకు అది తనంతట తాను వెళ్ళిపోయింది. కేప్ విడాల్ తీరం దాకా రోడ్డు తారుదే. పడవ విహారంలో రెండు గంటల్లో నీటిగుర్రాలు, మొసళ్ళు లెక్కలేనన్ని కనిపించాయి.

అక్కడి నుంచే ఒక రోజు హ్లుహ్లువే-ఇంఫొలోజి పార్కుకు వెళ్ళాము. 1895లో ఏర్పడిన ఈ అడవి లేకపోతే తెల్ల ఖడ్గమృగం ఈనాడు మిగిలేది కాదు. క్రూగర్‌లో అంతరించిన తరవాత 1960లలో ఇక్కడివాటినే అక్కడికి తరలించారు. వేటగాళ్ళ బెడద వల్ల 2024 నుంచి ఇక్కడ వాటి కొమ్ములు కోసివేస్తున్నారు. మాకు కనిపించిన ఆరింటిలో దేనికీ కొమ్ము లేదు. నేల కొండలు గుట్టలుగా ఉండడం వల్ల రోడ్డు మీది నుంచి కింది లోయలోకి చూడవచ్చు, కనుక పొట్టి కారన్న లోటు ఇక్కడ తెలియదు. పూర్తి రోజు చాలలేదు. మళ్ళీ వెళితే పొంగోలా రాత్రిని, గ్రాస్కాప్ రెండో రాత్రిని కలిపి ఇక్కడి హిల్‌టాప్ క్యాంపుకు ఇస్తాను.

డర్బన్‌లో ఒక్క రాత్రే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను దింపిన రేవు ఇది. ఆ తరవాత అర్ధశతాబ్దంలో చెరకు తోటలకు వచ్చిన లక్షన్నర మందిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. రొట్టెను తొలిచి కూర నింపే బనీ చావ్ కోసం వెళ్ళిన చోట గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన బల్ల మీద నాయుడు అన్న ఇంటిపేరు చూసి తెలుగులో పలకరించాను. ఆయనకు తెలుగు రాదు. "మా అవ్వ మాట్లాడేది" అని ఇంగ్లీషులో చెబుతూ, అవ్వ అన్న మాట మాత్రం తెలుగులోనే అన్నారు. చిక్కుడు గింజల కూరతో పావు రొట్టె ముగ్గురమూ తలా ఒకటి తిన్నాము. నగరాన్ని ఇంతకన్నా అంచనా వేసేటంత చూడలేదు.

డ్రాకెన్స్‌బర్గ్‌లో రాయల్ నేటల్ పార్కులోని తెండెలే క్యాంపు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి బస. ఆంఫీథియేటర్ అనే రాతి గోడ కిటికీ నిండా నిలబడి ఉంటుంది. వంట మనమే చేసుకోవాలి, సరుకులు బెర్గ్‌విల్‌లో కొని తెచ్చుకున్నాము. ఆ నెలలో టుగేలా జలపాతం కొండ ముఖం మీద సన్నని తెల్లగీత మాత్రమే. నీటి కోసం అయితే అక్కడి వేసవి వానల్లో రావాలి. లెసోతో దేశంలోకి ఎక్కే సానీ పాస్ కనుమ ఎక్కాలన్న కోరిక ఉండేది గాని, దక్షిణాఫ్రికా చౌకీలో ఫోర్ బై ఫోర్ బండ్లనే పైకి వదులుతారు. దిగువ లోయలో నడకకే ఒక రోజు సరిపోయింది.

జొహానెస్‌బర్గ్‌లో కారు అప్పగించినప్పుడు, కొత్త టైరు మిగతా మూడింటి కంపెనీది కాదని అభ్యంతరం చెప్పారు. సహాయ నంబరుకు ఫోను చేసినప్పుడు రసీదు దాచుకుంటే చాలన్నారే తప్ప కంపెనీ సంగతి ఎవరూ చెప్పలేదు. పూచీకత్తు సొమ్ము 11 రోజుల తరవాత, ఒక టైరు ధర తగ్గి, ఖాతాకు తిరిగి వచ్చింది.