నా బొమ్మల సైటుకి గిట్‌హబ్ పేజెస్

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. పాత హోస్టింగ్ వాళ్లు, అంటే సైటును తమ సర్వర్లో ఉంచేవాళ్లు (పేరెందుకులెండి), మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెన్యువల్‌కి మూడింతలు అడిగారు. దండం పెట్టి గిట్‌హబ్ పేజెస్‌కి (గిట్‌హబ్‌లో పెట్టిన ఫైళ్లను వెబ్‌సైటుగా చూపించే సేవ) మారాను. హోస్టింగ్ ఉచితం, డొమైన్ (సైటు సొంత పేరు) ఖర్చే మనది.

సైటు 1 జీబీ దాటకూడదు. స్కాన్ చేసిన మామిడితోట బొమ్మ 18 ఎంబీ. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీగా (వెబ్ కోసం చేసిన బొమ్మల ఫైల్ రకం) సేవ్ చేస్తే 300 కేబీకి దిగింది. ఆకుపచ్చ మాత్రం పాలిపోయింది. బొమ్మ రంగుల పద్ధతిని అడోబీ ఆర్‌జీబీ నుంచి వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం మరిచాను, తప్పు నాదే.

డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే వ్యవస్థ) తలనొప్పే. అందులో మన పేరును గిట్‌హబ్ చిరునామాకి కలిపే సీనేమ్ రికార్డులో ఒక్క అక్షరం తప్పు కొట్టి రాత్రంతా టెన్షన్. ఇంకోటి, ఉచిత ఖాతాలో పేజెస్ వాడితే ఆ సైటు ఫైళ్లన్నీ అందరికీ కనబడతాయి. ఒరిజినల్స్ అందులో పెట్టకండి.